జపమాలలో నానమ్మ వంతు

స్పీకరు నేలకు తగిలి పగిలిన చప్పుడు వీధి గుమ్మం దాకా వినిపించింది. చీర ఫాల్స్ కట్ట ఒకటి ఇంట్లో మర్చిపోయి, దానికోసం షాపు నుంచి పరుగున వచ్చిన రెజీనా చెప్పులు విప్పకుండానే లోపలికి వెళ్ళింది. మరియమాత స్వరూపం ముందు మంచం మీద అత్తగారు మార్తమ్మ కూర్చుని ఉంది. ఎడమ చేతిలో జపమాల వేలాడుతోంది. కుడి చెయ్యి ఏడాదిగా ఒళ్ళోనే పడి ఉంటోంది. నేల మీద నల్లటి స్పీకరు రెండు ముక్కలై, ఒక ముక్కలోంచి ఇంకా "వందనము... వందనము..." అని గొణుగుతోంది. పదేళ్ళ ఫెలిక్స్ సోఫాలో ఫోను పట్టుకుని నోరు తెరిచి చూస్తున్నాడు. ఇంటర్ చదివే సహాయ తలుపు వేసుకుని తన గదిలోనే ఉంది.

రెజీనా వంగి ఆ గొణుగుడు ఆపేసింది. దసరా ముందు సాయంత్రాలు, చీరలకు సరిపడే జాకెట్టు గుడ్డలమ్మే తన మ్యాచింగ్ సెంటర్‌కు ప్రాణం. ఎర్ర చీరలు చంకన పెట్టుకుని ఆడవాళ్ళు బల్ల దగ్గర ఒకళ్ళనొకళ్ళు తోసుకునే వేళ. అటువంటి వేళలో కూడా ఇంట్లో జపమాల ఆగకూడదనే కదా, తను ఆ స్పీకరు కొన్నది! ఏడు కాగానే ఫెలిక్స్ మీట నొక్కుతాడు. మంచి గొంతులు, వెనక సంగీతం, తప్పు పోవడం అంటూ లేదు. ఇంతకన్నా ఏం చెయ్యగలదు ఒక మనిషి?

"మీకోసమేగా అత్తయ్యా పెట్టించింది? ఏం లోటు చేశామని పగలగొట్టారు?"

మార్తమ్మ పిల్లవాడి వైపు చెయ్యి చూపించింది. సహాయ గది తలుపు వైపు చూపించింది. తన నోటి మీద వేళ్ళతో కొట్టుకుంది. "ఊ... ఊ..." అంది. పక్షవాతం వచ్చిన రోజు నుంచి ఆమె నోట ఆ ఒక్క శబ్దమే మిగిలింది.

"ఏమిటో... మాటతో పాటు మతి కూడా పోయిందా?"

అనకూడని మాట. నోరు దాటాక రెజీనాకు తెలిసింది. కానీ షాపులో గిరాకీ గుర్తొచ్చింది. ఫాల్స్ కట్ట చంకన పెట్టుకుని, వెనక్కి చూడకుండా ఆటో ఎక్కేసింది.

కంకిపాడు నుంచి ఆడపడుచు జోజమ్మ రోజూ ఫోను చేస్తుంది. ఆ రోజు ఫోను ఎత్తింది ఫెలిక్స్. వాడికి దాచడం తెలియదు. "నానమ్మ స్పీకర్ పగలగొట్టిందత్తా. అమ్మ, మతి పోయిందా అంది" అని ఉన్నదున్నట్టు చెప్పాడు. మర్నాడు పొద్దున్నే జోజమ్మ తమ్ముడికి ఫోను చేసింది. ఆదివారం సాయంత్రం కారు మాట్లాడుకుని వస్తానంది. అమ్మను తీసుకెళ్తానంది. మళ్ళీ పంపనని కూడా చెప్పింది.

రెజీనా భర్త బాలశౌరి నెమ్మదస్తుడు. వస్త్రాల హోల్‌సేల్ కొట్లో గుమాస్తా. అక్క మాటకు ఎదురు చెప్పి ఎరగడు. "అక్క తీసుకెళ్తానంటే నేనేమనను? నువ్వే చూడు" అని భోజనం ముందు నుంచి లేచిపోయాడు.

ఏం చూస్తుంది? ఆ రాత్రంతా రెజీనా అటు దొర్లీ ఇటు దొర్లీ లెక్క వేసుకుంది. అత్తగారు వెళ్తే పని తగ్గుతుంది, నిజమే. స్నానాలు, మందులు, పక్క దుప్పట్లు... సగం రోజు మిగులుతుంది. ఆ లెక్క వేసినందుకు తన మీద తనకే రోత పుట్టింది. షాపు పెడతానన్నప్పుడు పుట్టింటివాళ్ళు కూడా నవ్వారు. "పెట్టుకో అమ్మా, పిల్లల్ని నేను చూసుకుంటా" అన్నది మార్తమ్మ ఒక్కతే. పాలుతాగే ఫెలిక్స్‌ను ఒళ్ళో, సహాయను పక్కన కూర్చోబెట్టుకుని, చాప మీద జపమాల చెప్పించేది. అంతకు ముందు సహాయకు మాటలు వచ్చిందీ ఆ చాప మీదే. నానమ్మ సగం చెప్పి ఆగితే, మిగతా సగం వచ్చీరాని నోటితో పిల్ల అందుకునేది. షాపు నుంచి తను ఏ వేళకు వచ్చినా పిల్లలు తిని, జపం చెప్పుకుని, శుభ్రంగా నిద్రపోతూ ఉండేవారు. ఈ షాపు నిలబడింది ఎవరి పెట్టుబడి మీద? ఇప్పుడు ఆ మనిషి సంచి సర్దుకుని గుమ్మం దాటితే, చర్చికి వచ్చే విచారణవాళ్ళు నలుగురూ ఏమనుకుంటారన్నది అటుంచి... తను ఆ మంచం వైపు ఎలా చూడగలదు?

శనివారం పొద్దున పిల్లలిద్దర్నీ వంటింట్లోకి పిలిచింది. తనకు తెలిసిన విద్య బేరమే. బేరమే పెట్టింది.

"రేపు సాయంత్రం అత్త వచ్చే వేళకు మీరిద్దరూ నానమ్మ దగ్గర కూర్చుని జపమాల చెప్పండి. బుద్ధిగా, ఇద్దరూ కలిసి. ఫెలిక్స్‌కి సైకిలు. నీకు నువ్వడిగిన ఇయర్‌ఫోన్స్."

"గేర్ల సైకిలేనా?" అన్నాడు ఫెలిక్స్.

సహాయ నవ్వింది. మంచి నవ్వు కాదది. "ఏంటమ్మా, ఆషాఢం ఆఫరా? ఒక జపమాల చెప్తే ఇంకోటి ఫ్రీయా?"

"ఎగతాళి కాదే. అత్త చూస్తుంది. పిల్లలు నానమ్మను పట్టించుకుంటున్నారని తెలిస్తే..."

"అంటే అత్తకి చూపించడానికి. షోకేసులో బొమ్మకి చీర కట్టినట్టు."

"నీకు దేవుడి భయం లేదా సహాయా?"

"నువ్వు ఎప్పుడు కూర్చున్నావమ్మా చాప మీద?" పిల్ల తల్లికి ఎదురుగా వచ్చి నిలబడింది. "నానమ్మకు మాట పోయాక మేం ఎదురుచూశాం. నువ్వు వస్తావు, నువ్వు మొదలుపెడతావు అని. నువ్వు స్పీకర్ తెచ్చావు. అదే చెప్తుంది, అదే అందుకుంటుంది. ఇంక మేమెందుకక్కడ?"

కుక్కర్ విజిల్ వేసింది. రెజీనా స్టవ్ వైపు తిరిగింది. కళ్ళు తుడుచుకోవడానికి అదొక వంక. బేరం తెగలేదు.

ఆదివారం. చర్చిలో పూజకు వెళ్ళొచ్చి షాపు తెరిచింది. మనసు మాత్రం షాపులో లేదు. ఎరుపుకు మెరూన్ చూపించింది. మెరూన్ అడిగితే లైనింగ్ తీసింది. ఒకావిడ జాకెట్టు ముక్కను అడ్డంగా కత్తిరించి, మళ్ళీ కొత్త ముక్క ఇవ్వాల్సి వచ్చింది. పక్క కొట్లో మంగళగిరి చీరలమ్మే నాగవేణి ఇదంతా గమనిస్తూనే ఉంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు లేచి వచ్చింది.

"ఏంటక్కా, ఇవాళ గుడ్డ కాకుండా వేలు కోసుకునేట్టున్నావు?"

"మా వదిన వస్తోందే. అత్తయ్యను తీసుకెళ్ళిపోతుందట."

"మరి ఇక్కడేం చేస్తున్నావు?"

"గిరాకీ చూడు నాగవేణీ. దసరా ఆదివారం..."

"దసరా మళ్ళీ ఏడాదీ వస్తుంది. నీ కస్టమర్లను నేను కూర్చోబెడతా. టీ కూడా పోయిస్తా, నీ ఖాతాలో. ముందు నువ్వు కదులు."

బల్ల ముందు నిలబడ్డ ఆడవాళ్ళు చూస్తుండగా రెజీనా షట్టరు సగం లాగింది. ఈ వేళకు షట్టరు కిందికి రావడం, షాపు పెట్టాక ఇదే మొదలు.

గుణదల దారి పొడుగునా ట్రాఫిక్. కాలవ దగ్గర ఆటో ఆగింది, కదిలింది, మళ్ళీ ఆగింది. ఒకసారి దిగి నడుద్దామనుకుంది. మళ్ళీ కూర్చుంది. ఇంటి ముందు తెల్ల కారు నిలబడి ఉంది.

లోపల జోజమ్మ అప్పటికే సంచి సర్దేసింది. చీరలు, మందుల డబ్బా, చద్దరు. బాలశౌరి గోడకు ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు. మార్తమ్మ మంచం మీద, ఎటు తీసుకెళ్తే అటు పోయే మనిషిలా, ఎడమ చేత్తో పూసలు తడుముకుంటోంది.

"వచ్చావా అమ్మాయ్? కొట్టు మూసే వేళ కాదే," అంది జోజమ్మ. "నీ తీరుబడి చూసుకునే రావలసింది. మా ఇంట్లో మిషన్లు లేవులే. ఉన్నది నేనొక్కదాన్ని. మతి పోయినవాళ్ళను చూసుకోవడం నాకు చాతవుతుంది."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. రెజీనా మూల చుట్టిపెట్టిన చాప తీసింది. ఏడాది దుమ్ము. కొంగుతో తుడిచి మంచం ముందు పరిచింది.

"తీసుకెళ్ళండి వదినా. కాదనను. ఒక్క జపమాల చెప్పుకుని వెళ్ళండి."

"చెప్పేదెవరు?"

"నేనే."

సిలువ గుర్తు వేసుకుని మొదలుపెట్టింది. ఆ రోజు ధ్యానించవలసినవి సంతోష దేవరహస్యాలు అంది, మొదటి రహస్యం ఏమిటో చెప్పబోయి ఆగింది. అది గుర్తు రాలేదు. జోజమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

గది తలుపు తెరుచుకుంది. "అమ్మా, ఇవాళ ఆదివారం. మహిమ రహస్యాలు." సహాయ వచ్చి తల్లి పక్కన కాదు, నానమ్మ మోకాలి దగ్గర కూర్చుంది. "జరుగు. నేను చెప్తా. ఒరేయ్, ఫోను అక్కడ పెట్టి రా."

ఫెలిక్స్ వచ్చాడు. అక్క చెప్పడం మొదలుపెట్టింది. వాడు అందుకోవడం మొదలుపెట్టాడు. అందుకోవడం అంటే అలా ఇలా కాదు. స్పీకరు నేర్పిన వేగం. అక్క నోటి చివరి మాట పూర్తికాకముందే వాడు "పరిశుద్ధమరియమ్మాసర్వేశ్వరునిమాతా" అని ఒక్క గుక్కలో ఊదేసి "ఆమెన్" దగ్గరకు చేరిపోతున్నాడు.

"ఏరా, రైలు పోతుందా?" అంది సహాయ.

"త్వరగా అయిపోతుందిగా."

"సరిగ్గా చెప్పు. లేకపోతే నోరు మూసుకో."

వాడికి రోషం వచ్చింది. పెదవులు బిగించి గోడ వైపు తిరిగాడు. సహాయకూ మొండితనమే. తన సగం చెప్పింది. ఆగింది. వాడు అందుకోలేదు. రెజీనా అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వొద్దమ్మా. వాడే చెప్పాలి. వాడు చెప్పేదాకా ఇక్కడే ఉంటా."

ఫ్యాను తిరుగుతోంది. బయట కారు డ్రైవరు హారన్ ఒకసారి మోగించాడు. రెజీనా సర్దిన సంచి వైపు చూసింది. వదిన ముందు ఇప్పుడా ఈ పిల్లల గొడవ? ఏ క్షణంలో జోజమ్మ లేచి సంచి అందుకుంటుందో...

"ప... పరి..."

ఎవరో అనుకుంది రెజీనా. బాలశౌరి అనుకుంది.

"పరిశుద్ధ... మరియమ్మా..."

గొంతు బొంగురుగా, ఎక్కడో అడుగున పడి ఉన్నది పైకి లాగినట్టుగా ఉంది. మార్తమ్మ కళ్ళు మూసుకుని ఉంది. పెదవి ఒక పక్కకు లాగుతోంది. "సర్వే...శ్వరుని... మాతా..."

ఫెలిక్స్ గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. ఒక్కో మాటా ఆమె నోట్లో తిరిగి తిరిగి, చివరికి బయట పడుతోంది. "ఆమెన్" దగ్గరకు వచ్చేసరికి ఆమె నుదుటి మీద చెమట పట్టింది.

సహాయ ఏడుస్తోంది. ఏడుస్తూనే తర్వాతి పూస మీద తన సగం చెప్పింది. ఆగింది. మళ్ళీ ఆ గొంతు. మళ్ళీ అంతే నెమ్మదిగా.

జోజమ్మ మంచం దగ్గరకు వచ్చి మోకాళ్ళ మీద కూలబడింది. "అమ్మా... నన్ను పిలువమ్మా. జోజీ అను. ఒక్కసారి."

మార్తమ్మ కూతురి ముఖంలోకి చూసింది. పెదవులు కదిలాయి. "ఊ... ఊ..."

"జపంలో అయితేనే వస్తుందేమో అత్తా," అన్నాడు ఫెలిక్స్ మెల్లగా. "అక్క ఆగితేనే."

అప్పుడు రెజీనాకు అంతా తెలిసింది. ఆ పగిలిన పెట్టె రోజూ ఈ మంచం పక్కన కూర్చుని తన సగం చెప్పి, ఆగకుండా, అత్తగారి సగం కూడా లాగేసుకుని పోయింది. ఆమె మొదటి అక్షరం కూడదీసుకునేలోపు అది మూడో పూస మీద ఉండేది. ఏడాది పొడుగునా సాయంత్రం సాయంత్రం ఆమె వెంటపడింది, అందుకోలేకపోయింది. పిల్లల వైపు చెయ్యి చూపించింది, నోటి మీద కొట్టుకుంది, చివరికి దాన్ని నేలకేసి కొట్టింది. వేగం లాభమనుకుంది తను. ఎవరి వంతు కోసి ఆ లాభం మిగిల్చిందో చూసుకోలేదు.

"మీ వంతు నేనే తీసేశానత్తయ్యా," అని ఆమె పనిచెయ్యని కుడి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని దాని మీద తల పెట్టింది. "మతి లేనిది నాకు."

మార్తమ్మ ఎడమ చెయ్యి పూసలతో సహా కోడలి తల మీదికి వచ్చింది. కాసేపు అలాగే ఉంది. తర్వాత ఆ చెయ్యి సహాయ భుజం మీద చిన్నగా తట్టింది. కానివ్వు, అన్నట్టు.

బయట డ్రైవరు మళ్ళీ హారన్ కొట్టాడు. బాలశౌరి అక్క వైపు చూశాడు. జోజమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, సర్దిన సంచి దగ్గరకు నడిచింది.

"మందుల డబ్బా అడుక్కి పోయిందమ్మాయ్," అంది జోజమ్మ, సంచి విప్పుతూ. "తీసి బల్ల మీద పెట్టు. తిన్నాక వేసుకోవాలిగా. తమ్ముడూ, ఆ డ్రైవర్ని వెళ్ళిపొమ్మను. నేను పొద్దున బస్సులో పోతా." సంచిలోంచి చద్దరు తీసి తల్లి కాళ్ళ మీద కప్పింది. "వచ్చే ఆదివారం కూడా వస్తా. ఈ చాప మీద మీరంతా లేకపోతే మాత్రం, అప్పుడు అడక్కుండా తీసుకెళ్తా. చెప్పలేదనొద్దు."

"రోజూ కూర్చుంటా వదినా. ఏడుకు ముందే షట్టరు దించుతా."

"దసరాకి కూడానా?" అంది సహాయ. ఈసారి ఎగతాళి సగమే ఉంది.

"దసరాకి కూడా."

"సైకిలు?" అన్నాడు ఫెలిక్స్.

"నోరు మూసుకుని కూర్చోరా," అంది జోజమ్మ. కూర్చుని, వాడిని దగ్గరకు లాక్కుంది.

రెజీనా ఫోను మోగింది. నాగవేణి. కస్టమర్లు అడుగుతున్నారేమో. రెజీనా చెయ్యి అలవాటుగా కదిలింది. ఫెలిక్స్ ఆ ఫోను తీసి, నానమ్మ దిండు కిందికి తోసేశాడు. అక్కడ అది కాసేపు గుర్రుమని ఊరుకుంది.

సహాయ తన సగం చెప్పి ఆగింది. మార్తమ్మ మొదలుపెట్టింది. "మా మరణ... మరణ..." అని అక్కడ చిక్కుకుపోయింది. పెదవులు వెతుక్కుంటున్నాయి. ఆ మాట అక్కడున్న అందరికీ వచ్చు. ఎవరూ అందించలేదు. ఆమె కోసం ఆగారు.