ఉప్పరక్కసి మెచ్చుకున్న గొలుసు

కెరటాలపురమని ఒక రేవు రాజ్యం ఉండేదర్రా. దాని రేవు నోటికి అడ్డంగా ఉక్కు గొలుసు ఉండేది. అది లేకపోతే అవతలి దీవిలోని ఉప్పరక్కసి వచ్చి పడవలను మనుషులతో సహా మింగేస్తుంది మరి!

కొత్తగా గద్దెనెక్కిన కుర్ర రాజు ఒక మొక్కు మొక్కాడు. ఎర్రగా కాలిన గొలుసును కొలిమి నుంచి తెచ్చి, తప్పెట్లు మోగుతుండగా సముద్రంలో ముంచాలని. ముంచారు. గొలుసు రాయిలా గట్టిపడింది. నెల తిరక్కుండానే తెగింది. మరొకటి కట్టారు, అదీ తెగింది.

"కమ్మరి సింహాద్రి దొంగ ఇనుము కలిపాడు. ఇప్పుడు కట్టిన మూడోదీ తెగితే వాడి తల తీయించండి" అని రాజు అతణ్ణి చెరలో పెట్టించాడు.

కూతురు నూకాలు చెరసాలకు వెళ్ళింది. "నాన్నా, నిజంగా కలిపావా?"

"నువ్వూ అనుమానిస్తున్నావా తల్లీ?"

"అందరినీ అనుమానిస్తున్నాను. నిన్ను బతికించుకోవాలిగా!"

"ఇదివరకు నీళ్ళలో ముంచాక ఊకనిప్పు మీద మళ్ళీ కాచి, బూడిదలో చల్లార్చేవాణ్ణి. సముద్రుడికిచ్చింది మళ్ళీ నిప్పులో పెడితే అపచారమన్నారు, మానేశాను."

నూకాలు రెండు కొక్కేలు చేసింది. ఒకటి రాజు పద్ధతిలో, ఒకటి నాన్న పద్ధతిలో. మాటలాడే ఒక తాబేలునెక్కి దీవికి బయలుదేరింది.

"నన్ను నమ్మవా పిల్లా? మెడకు తాడెందుకు?" అంది తాబేలు.

"నమ్మితే తాడెందుకు కడతాను?"

దీవిలో రక్కసి గుహ ముందు ఉప్పునీళ్ళలో రెండు కొక్కేలూ వేలాడదీసి, "అత్తా, వీటిలో నిన్ను ఆపేదేది?" అని అడిగింది.

రక్కసి రెండూ నాకి చూసింది. రాజు పద్ధతిలో చేసిన గట్టిదాన్ని చూపి, "అమ్మో, ఇదంటే నాకు హడల్! ఇలాంటివే చేయండి. ఆ మెత్తది పారేయ్ బంగారం" అంది.

బంగారమా! నూకాలుకు అనుమానం వచ్చింది. శత్రువు ఇంత ప్రేమగా సలహా ఇస్తుందా? కొక్కేలను అక్కడే వదిలి, వెళ్ళినట్టే వెళ్ళి, రాళ్ళ చాటున దాక్కుంది. కొన్ని ఆటుపోట్లు వచ్చి పోయాక, రక్కసి వేటకు పోయిన సందు చూసి రెండూ పైకి తీసింది. గట్టిదాని నిండా వెంట్రుకల్లాంటి పగుళ్ళు, వాటిలో ఎర్రటి తుప్పు. రెండోదానికి పైపైన తుప్పు పట్టిందంతే.

రాజుకు చూపిస్తే, "రక్కసి నేర్పిన మాయేమో!" అన్నాడు.

"మీరే బండకేసి కొట్టండి."

మొదటిది పుటుక్కున విరిగింది. రెండోది కొట్టి కొట్టి రాజుకే చేతులు బొబ్బలెక్కాయి. మొక్కు కింద ఆ విరిగిన కొక్కేన్నే సముద్రుడికి సమర్పించి, సింహాద్రిని చెర విడిపించి, గొలుసంతా అతని పద్ధతిలో చేయించాడు. రక్కసి వచ్చి కొరికితే దాని కోరలే ఊడాయి.

రాజు సింహాద్రి కాళ్ళకు మొక్కి, నూకాలును పెళ్ళాడతానన్నాడు.

"ముందు వర్షాకాలమంతా మా కొలిమిలో తిత్తులు ఊదండి, చూద్దాం" అంది నూకాలు.

ఊదాడర్రా! ఎంత నలుగు పెట్టినా, పెళ్ళిపీటల మీద పెళ్ళికొడుకు చెవుల వెనక మసి వదల్లేదట.