విమానానికి కుడి ఎటు?

"నువ్వే కూల్చేసావురా! సూసుకోకుండా తిప్పి కూల్చేసావు!"

ఝాన్సీ అరుపుకి పక్కమడిలో కొంగలు లేచిపోయాయి. కోసిన వరిమడిలో విమానం ముక్కు మట్టిలో, తోక ఆకాశంలో పెట్టుకుని ఉంది. ఎడమరెక్క విరిగి వేలాడుతోంది.

పృథ్వీరాజ్ రిమోట్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"నేనేటి సేసాను? కుడికి తిప్పితే ఎడమకి పోయింది!"

"విమానానికి పిచ్చెక్కిందేటి? కుడేదో ఎడమేదో నీకే తెల్దు!"

గడ్డిమోపు ఎత్తుకుపోతున్న సుభద్రమ్మ ఆగింది. "ఓలమ్మో! నా నెత్తిమీద పడుంటే ఏటయ్యేదర్రా?"

ఝాన్సీకి కోపం రాదా మరి? ఏడో తరగతి పిల్లలు రెండు నెలలు కష్టపడి కట్టిన విమానం అది. థర్మాకోల్, వెదురుబద్దలు, టేపు. రెక్కలే రెండు మీటర్లు. వాటిని అతికించింది ఝాన్సీ. వేడి జిగురు అంటి వేలు రెండుసార్లు బొబ్బెక్కింది. వచ్చేవారం శ్రీకాకుళం సైన్స్ ఫెయిర్‌లో దాన్ని అందరి ముందూ ఎగరెయ్యాలి.

"ఈడికి ఇంక రిమోట్ ఇవ్వకండి మాస్టారూ!" అంది ఝాన్సీ. మిగతా పిల్లలు కూడా "అవునవును" అని గోల చేశారు.

సైన్స్ చెప్పే ధనరాజ్ మాస్టారు తల పట్టుకున్నారు. "సరే, ఆపండి. గిరిబాబు ఎగరేస్తాడు."

పృథ్వీరాజ్ రిమోట్ గడ్డిమీద పెట్టి, ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల బెల్లులో ఝాన్సీ, గిరిబాబు రెక్క అతికించారు. బ్యాటరీ తగిలించారు. విమానం ముక్కుకి ఎదురుగా కూర్చుని ఝాన్సీ రిమోట్ కుడికి తిప్పింది. అలా తిప్పితే కుడిరెక్క అంచునున్న రేకు పైకి లేవాలి. అప్పుడే విమానం కుడికి వాలుతుంది. లేచింది.

"సూసావా? అంతా బాగానే ఉన్నాది. తప్పు ఆడిదే."

తోక దగ్గర నిలబడ్డ గిరిబాబు నొసలు ముడిచాడు. "ఒసే, ఎడమది లేస్తన్నాదేటే?"

"కుడిదేరా. కళ్ళు లేవేటి?"

"ఇటొచ్చి సూడు."

ఝాన్సీ వెళ్ళి చూసింది. నిజమే, లేచింది ఎడమదే! ఎదురుగా నిలబడ్డ మనిషి కుడిచెయ్యి మనకి ఎడమవైపు ఉంటుంది కదా, విమానమూ అంతే. తోకవైపు నిలబడి చూడాలని మాస్టారు మొదటిరోజే చెప్పారు. నిన్న ఆయన "సెక్ సేసావా?" అని అడిగినప్పుడు ఝాన్సీ ముక్కు దగ్గర టేపు అంటిస్తోంది. లేవడానికి బద్ధకించి, అక్కడినించే చూసి "బాగుంది మాస్టారూ" అనేసింది.

"ఎవులికీ సెప్పకు," అన్నాడు గిరిబాబు. "రిమోట్ మీద ఈ సిన్న మీట మార్సేస్తే సాలు. నేను ఎగరేసేస్తాను."

ఝాన్సీ రిమోట్ కింద పెట్టింది. కుళాయి దగ్గర పళ్ళెం కడుక్కుంటున్న పృథ్వీరాజ్ దగ్గరికి వెళ్ళి, చెవిలో చెప్పింది. "తప్పు నాదేరా. సారీ."

పృథ్వీరాజ్ ముఖం ఎర్రబడింది. "నిన్న ఊరంతా ఇనేలాగ అరిసావు. సారీ మాత్రం సెవిలోనేటి?"

పళ్ళెంలో నీళ్ళు విసిరికొట్టి వెళ్ళిపోయాడు.

ఝాన్సీకి ఒళ్ళు మండింది. సారీ చెప్పినా ఇంత పొగరా! విసవిసా క్లాసుకి వచ్చింది. అక్కడ పృథ్వీరాజ్ బెంచీ మీద ఎవరో సుద్దముక్కతో పెద్దగా రాశారు: "కూల్చుడు పృథ్వీ". వాడు దాన్ని మోచేత్తో తుడుస్తున్నాడు. వెనక పిల్లలు నవ్వుతున్నారు.

ఆ పేరు ఎక్కడినించి వచ్చిందో ఝాన్సీకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మాస్టారు రాగానే విమానం ఎత్తుకొచ్చి బల్లమీద పెట్టింది. తోక పిల్లలవైపు తిప్పింది.

"అందరూ ఇటు సూడండి!" నిన్న మడిలో అరిచిన గొంతే అది. రిమోట్ కుడికి తిప్పింది. ఎడమరేకు లేచింది.

"సెక్ సేసింది నేను. ముక్కు దగ్గర కూకుని సూసి, బాగుందని సెప్పాను. పృథ్వీ కుడికే తిప్పాడు. కూల్చింది ఆడు కాదు, నేను!"

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నేనూ లేచి సూడలేదర్రా," అన్నారు నెమ్మదిగా. "ఒరే పృథ్వీ, రేపు నువ్వే ఎగరెయ్యాల."

మర్నాడు సాయంత్రం మళ్ళీ అదే మడి. గిరిబాబు చిన్న మీట మార్చాక పృథ్వీరాజ్ రిమోట్ తిప్పాడు. ఝాన్సీ తోక వెనక మోకాళ్ళమీద కూర్చుని చూసింది. కుడికి తిప్పితే కుడిది. ఎడమకి తిప్పితే ఎడమది.

"బాగుందేటి?" అడిగాడు పృథ్వీరాజ్, ముఖం ఇంకా ముడుచుకునే. "ఈసారి నమ్మొచ్చా నిన్ను?"

ఝాన్సీ పక్కకి జరిగి, తోక దగ్గర చోటిచ్చింది.

"నమ్మకు. నువ్వొచ్చి సూడు."