తోలుపట్టీ ఎవరి చేతికి?

పొద్దున్న ఏడింటికి తోకుజి అన్నం గిన్నె ముందు పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. సూప్ చల్లారిపోయింది. భార్య యోనె ముల్లంగి ఊరగాయ ఆయన ముందుకు తోసింది.

"ఏమిటా ఆలోచన? కొత్త పట్టీ కొంటే తీరిపోయేదానికి," అంది. అంతటితో ఊరుకుంటే యోనె ఎందుకవుతుంది? గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్న కూతురి వైపు తిరిగింది. "ఏడేళ్లుగా సెలూన్‌లో కత్తి పడుతున్నావు. ముప్పై ఏళ్ల పట్టీని అంత కోత కోస్తావా? రెండు రోజులుగా మీ నాన్నకు ముద్ద దిగడం లేదు."

"తప్పయిపోయిందమ్మా," అంది సుమియే.

తోకుజి తల ఎత్తలేదు. ఎత్తడానికి మొహం ఉండాలి. ఆ పట్టీని కోసింది సుమియే కాదు, ఆయనే.

గురువారం మధ్యాహ్నం తోకుజి తన సెలూన్‌లో, కుర్చీ పక్కన వేలాడే తోలుపట్టీ మీద మంగలి కత్తికి పదును తెస్తున్నాడు. కత్తిని తిప్పే చోట బొటనవేలు పట్టు తప్పింది. అంచు తోలులోకి దిగిపోయింది. సరిగ్గా అప్పుడే టోఫూ కొట్టు హత్సుకో లోపలికి వచ్చింది. ఆదివారం ఆవిడ కూతురు కనాయో పెళ్లి. పెళ్లికి ముందు పెళ్లికూతురి మొహం మీదా మెడ మీదా నూగు గీయాలి. అది సుమియే చెయ్యాలని ఆ ఇద్దరు స్నేహితురాళ్లూ బడిలో ఉన్నప్పుడే అనుకున్నారు. సుమియేకి అది మొదటి పెళ్లికూతురు. ఆ ఒక్కటీ బాగా చేస్తే ఊళ్లో పెళ్లికూతుళ్లందరూ ఆమె దగ్గరికే వస్తారు.

"అయ్యో, ఆ కోత ఏమిటండీ?" అంది హత్సుకో.

"మా అమ్మాయే. చేతికి కుదురు లేదు," అన్నాడు తోకుజి. అబద్ధం అంత సులువుగా వస్తుందని అరవై ఆరేళ్లు వచ్చినా ఆయనకు తెలియదు. వేడి తువ్వాళ్లు పట్టుకుని వెనక గదిలోంచి వస్తున్న సుమియే ఆ మాట వింది. ఒక్క క్షణం ఆగి, తల వంచి, క్షమించమంది. హత్సుకో మొహం మారిపోయింది.

"అయితే ఆదివారం మీరే రండి తోకుజి గారూ," అనేసి వెళ్లిపోయింది. ఆ మాటను ఆయన ఆపలేదు. ఆపాలంటే నిజం చెప్పాలి కదా.

ఆ నేరమంతా కడుపులో పెట్టుకునే ఇప్పుడు కూతురితో బస్సెక్కి, ఏటి ఒడ్డున తోళ్లు శుద్ధి చేసే వాడకు వెళ్లాడు. తోళ్లు ఆరేసిన వాకిట్లోంచి ఇసోబె ఎదురొచ్చాడు. పాత పట్టీ కూడా ఆయన చేసిందే.

వాళ్లు తెచ్చిన ఆ పట్టీని ఇసోబె వెలుతురుకు పట్టి, కోత మీద వేలితో రాసి చూశాడు. ఆ తర్వాత రెండు పట్టీలు తెచ్చి కొక్కేలకు తగిలించాడు.

"ఇది గుర్రం తోలు. అద్దంలా ఉంటుంది, కత్తి జర్రున పోతుంది. ఒడుపున్న చేతికి దీన్ని మించింది లేదు. అది ఆవు తోలు. కత్తిని కాస్త పట్టి ఆపుతుంది. తొట్రుపడే చేతికి అదే మంచిది. ఇంతకీ ఎవరి చేతికి?"

తోకుజి చూపు ఆవు తోలు మీదికి పోయింది.

"నాకేనండీ," అంది సుమియే. "కోసింది నేనే. నా చెయ్యి ఇంకా తొట్రుపడుతోంది. ఆ ఆవు తోలుదే ఇవ్వండి."

ఇసోబె ఆమె వైపు చూశాడు. ఆమె ఎడమ చేత్తో పట్టీని తడుముతోంది. "నువ్వు ఎడమచేతి వాటమా అమ్మా?"

"అవునండీ."

"మరి ఈ కోత కుడివైపు నుంచి కదా పడింది?"

సుమియే మొహం ఎర్రబడింది. దొరికిపోయింది తండ్రి అయితే సిగ్గుపడుతున్నది కూతురు. అది చూసి తోకుజికి అర్థమైంది. తండ్రి తొట్రుపడే చేతికి సరిపోయే పట్టీని, ఆయన పరువు పోకుండా, నిందంతా నెత్తిన వేసుకుని మరీ ఏరుతోంది పిచ్చిది.

"కోసింది నేను," అన్నాడు. "గుర్రం తోలుది ఇవ్వు ఇసోబె. మా అమ్మాయి చేతికి."

బస్సు దిగాక తోకుజి ఇంటికి పోలేదు. నేరుగా టోఫూ కొట్టుకు వెళ్లి, కొనడానికి వచ్చిన నలుగురి ముందు టోపీ తీసి, నడుం దాకా వంగాడు. "హత్సుకో గారూ, ఆ పట్టీ నేను కోశాను. నింద అమ్మాయి మీద వేశాను. ఆదివారం మీ పిల్ల మెడ మీద కత్తి పెట్టాల్సింది దాని చెయ్యి, నాది కాదు."

హత్సుకో తడి చేతులు తుడుచుకుంది. కోప్పడుతుందనుకున్నాడు. ఆవిడ మెల్లగా అంది, "మర్నాడే మీ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. 'పని పొద్దున్నే పెట్టుకోండి పిన్నీ, పొద్దుటి పూట నాన్న చెయ్యి నిలకడగా ఉంటుంది' అంది. నాకప్పుడు అర్థం కాలేదు."

తోకుజి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. కన్నీళ్లు చెప్పుల మీద పడుతున్నాయి. వెనకే నిలబడ్డ సుమియే వచ్చి భుజం పట్టి లేపింది.

"నా చెయ్యి సంగతి ఎప్పటి నుంచి తెలుసే నీకు?"

"పోయిన చలికాలం నుంచి."

"మరి నోరెందుకు మెదపలేదు?"

"చెబితే మీరు కత్తి కింద పెట్టేస్తారు. ఆ తర్వాత పొద్దున్నే లేచి ఏం చేస్తారు నాన్నా?"

ఆయన నలభై ఏళ్లు మనుషుల గొంతుల మీద కత్తి ఆడించాడు. ఎవరికీ గాటు పడనివ్వలేదని గర్వపడేవాడు. పడనే పడింది, సొంత కూతురికి.

"నన్ను క్షమించమ్మా," అన్నాడు.

సుమియే కళ్లు తుడుచుకుని కొత్త పట్టీ ఆయన చేతుల్లో పెట్టింది. "ఆదివారం మీరూ రావాలి. కనాయో వాళ్లింట్లో కొక్కెం ఉండదు. నేను పదును పెడుతుంటే రెండో కొస ఎవరో ఒకరు గట్టిగా పట్టుకోవాలి."

"వస్తాను," అన్నాడు తోకుజి. "రెండు చేతులతోనూ పట్టుకుంటాను."