రూతమ్మ వాయిదాల కేసు

ఆ ఉదయం రూతమ్మ అట్లు పోస్తోంది. మొదటిది భర్త ఏసుపాదానికి, రెండోది కూతురు మెర్లిన్‌కి వేసింది. మూడోది తను తిందామనుకునేలోపే గొడవ లేచింది.

గొడవంతా లాసెట్ వల్లే. డిగ్రీ అయిన మెర్లిన్ ఒక్కతే పరీక్షకెళ్లాలంటే భయపడిందని, ఎప్పుడో డిగ్రీ చదివిన రూతమ్మ కూడా తోడుగా దరఖాస్తు పెట్టింది. తీరా చూస్తే కూతురికన్నా తల్లికే మంచి ర్యాంకు వచ్చింది. ఇద్దరికీ సీట్లొచ్చాయి. చేరేదీ లేనిదీ ఇవాళే తేల్చాలి.

"వంటింట్లో చదివిన మమ్మీకే సీటొచ్చిందంటే ఆ పరీక్షకి స్టాండర్డేటి డాడీ?" మూతి ముడిచింది మెర్లిన్.

"నీ ర్యాంకు మీయమ్మకన్నా ఎనకొచ్చింది కదే. మరి నీ స్టాండర్డేటి?" అన్నాడు ఏసుపాదం.

రూతమ్మ నవ్వబోయింది. అంతలోనే ఆయన ఇటు తిరిగాడు.

"అలాగని నువ్వూ బయల్దేరిపోకు. సోడవరంలో నా మెకానిక్ షెడ్డుకొచ్చే కుర్ర లాయర్లని సూడు, పెట్రోలు కొట్టించుకోడానికే ఆలోచిస్తన్నారు. నలభై అయిదేళ్ల జూనియర్ని ఎవరెట్టుకుంటారే? సూద్దాంలే."

ఆ చివరి మాట పుండు మీద కారంలా పడింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, రూతమ్మ పెనాన్ని ధనేల్మని దించింది.

"పెళ్లిచూపుల్లో నేను లా సదువుతానంటే ఏటన్నారు?"

"సూద్దాం అన్నాను."

"ఇది పుట్టేక అడిగితే?"

"సూద్దాం అన్నాను."

"ఇది బడికెల్లేక?"

ఏసుపాదం దిక్కుతోచక పళ్లెంలో అట్టు వైపు చూశాడు. అట్టు ఆయన తరఫున సాక్ష్యం చెప్పలేదు.

"దీన్నే కోర్టులో వాయిదా అంటారండి. కేసులు రాపోతే రాపోనీండి. ఒక్కసారి నల్లకోటు తొడుక్కుని, నేను లాయర్నని నాకు నేను సెప్పుకోవాలండి." అంటూనే ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది.

మెర్లిన్‌కి సిగ్గేసింది. తను చదవకుండా వదిలేసిన పాఠాలన్నీ తల్లి ఎంత ఆశగా చదివిందో అప్పుడు గుర్తొచ్చింది. వెళ్లి వాటేసుకుంది.

"సారీ మమ్మీ. ఇద్దరం ఒకే ఆటోలో ఎల్దాం. కానీ కాలేజీలో అందరి ముందూ నన్ను చిన్నపిల్లలా గుంటా అని పిలవకు."

ఏసుపాదం కళ్లు కూడా చెమర్చాయి.

"ఒక్కదాని లాపాయింట్లకే నెగ్గలేపోతన్నాను, ఇద్దరైతే నా గతేటని బయం. సరే, ఎల్లండి. మరి కేసోడిపోయిన నాకు సిచ్చేటి?"

"రేపట్నుంచి అట్లు మీరే పొయ్యాలి."

"సూద్దా..."

"వాయిదా కుదరదు!" తల్లీకూతుళ్లు ఒక్క గొంతుతో అన్నారు.

ఏసుపాదం అప్పుడే పెనాన్ని మళ్లీ పొయ్యి మీద పెట్టి గరిటె అందుకున్నాడు. మూడో అట్టు ఒక పక్క మాడి, ఒక పక్క పచ్చిగా రూతమ్మ పళ్లెంలో పడింది. ఆమె కళ్లు తుడుచుకుంటూ, వేడివేడిగా, మొత్తం తినేసింది.