చెవి గుహలో కాపలాభటులు

కొండవాకిలి రాజ్యానికి పుట్టరక్కసుల బెడద ఉండేది. వాళ్ళు నేలను తొలుచుకుంటూ వచ్చి, కోటలోపల లేచి, దొరికినవాళ్ళను దొరికినట్టు నరికేవారు. కోటబండకు చెవి ఆనించి వాళ్ళ జాడ పసిగట్టగలిగింది పోలసాని ఒక్కతే. ఆమె కుడిపక్కన నిలబడి, "అక్కా, ఇవాళ ఎన్ని తలకాయలు?" అంటూ నవ్వించేవాడు తమ్ముడు సింగన్న.

ఏళ్ళ తరబడి పోలసానికి కీళ్ళు వాచేవి, జ్వరం వచ్చి పోయేది. ఒక ఉదయం కుడిచెవి హోరెత్తి, ఉన్నట్టుండి వినికిడి పోయింది. రాజవైద్యుడు నాడి అయినా చూడలేదు.

"జలుబమ్మా! వెల్లుల్లి నూనె పోసుకుని పదిరోజులు ఓపికపట్టు," అన్నాడు. కాలు వాచినా, కళ్ళు మండినా ఆయనకు నూనే దిక్కు!

తొమ్మిదో రోజున రక్కసులు తూర్పువాకిట లేచారు. కుడిచెవి హోరులో ఆమె ఎడమచెవికీ వాళ్ళ జాడ వినపడలేదు. నలభైమంది తలలు తెగాయి. వాటిలో సింగన్నది ఒకటి. ఆ సాయంత్రమే ఎడమచెవిలోనూ హోరు మొదలైంది.

పోలసాని ఏడుస్తూనే అడవికి పరుగెత్తి, అక్కడి ముని కాళ్ళమీద పడింది.

"కీళ్ళవాపూ, ఈ చెవుడూ ఒక్కరి పనే తల్లీ," అన్నాడు ముని. "నీ నెత్తుట్లో పుట్టిన కాపలాభటులే నిన్ను శత్రువనుకుంటున్నారు. ఈ మందుతీగతో కట్టెయ్. అందరినీ మాత్రం కట్టకు; బయటి పగవాణ్ణి ఆపేవాళ్ళుండాలి."

ముని మంత్రించగానే ఆమె తన చెవిలోకే దిగింది. నత్తగుల్లలా మెలిదిరిగిన గుహలవి. కుడిగుహలో వినికిడిని మోసే వెండితీగలన్నీ తెగి పడున్నాయి. ఎడమగుహలో భటులు మిగిలిన తీగలను గొడ్డళ్ళతో నరుకుతున్నారు. పోలసాని కత్తి దూసి ఒకడి భుజం నరికింది. నెత్తురు చిమ్మింది ఆమె భుజంలోంచి!

"ఆగండ్రా! మీరు కాచే కోట నేనే!"

"లోపలున్నవాళ్ళంతా శత్రువులే!" అంటూ వాళ్ళ నాయకుడు గొడ్డలి విసిరాడు.

ఆమె కత్తి పారేసింది. దెబ్బలు తింటూ, పళ్ళు బిగించి, ఒక్కొక్కణ్ణే మందుతీగతో కట్టింది. గుహవాకిట ఉన్నవాళ్ళను వదిలేసింది. కళ్ళు తెరిచేసరికి ముని ముందు ఉంది. మందుతీగ రసానికి ముఖం గుమ్మడికాయలా ఉబ్బింది గాని, హోరు ఆగింది.

కోటకు తిరిగొచ్చి ఎడమచెవి బండకు ఆనించింది. "ఉత్తరపు గోడ కింద వందమంది!" అని అరిచింది. వైద్యుడి నూనె కాగులన్నీ మరిగించి సొరంగంలో కుమ్మరించారు. ఒక్క రక్కసుడు మిగలలేదు. ఆ నూనెకు తగిన చోటు ఇన్నాళ్ళకు దొరికింది.

రాజు ఆమెను కోటసేనకు దళవాయిని చేశాడు. "ఎవరికైనా వినికిడి పోతే పొద్దుగూకేలోగా మునిదగ్గరికి చేర్చాలి," అన్నది ఆమె మొదటి ఆజ్ఞ. ఆమె కుడిచెవి మాత్రం మళ్ళీ బాగుపడలేదు. కొలువులో ఆమె కుడిపక్క పీఠం ఎప్పుడూ ఖాళీయే. ఎవరైనా కూర్చోబోతే ఆపేస్తుంది.

"అది సింగన్నది. ఆ పక్కనుంచి వాడి మాటలు తప్ప ఇంకేవీ నాకు వినపడవు."