దొరసాని అతికించుకున్న బతుకు

రియాద్‌ బత్హాలో పుస్తకాలు బైండు చేసే ముసలి పీర్ సాహెబ్‌ను ఎవరో సుత్తితో తల పగలగొట్టి చంపారు. మర్నాడు తెల్లారేసరికి, ఆ దుకాణం ఊడ్చే లింబాద్రి వచ్చి మౌలా సాహెబ్ గది గుమ్మంలో కూలబడ్డాడు. 

మౌలా సాహెబ్‌ది కర్నూలు. అక్కడ డిటెక్టివ్ ఆఫీసు నడిపిన మనిషి. ఆయన నోట మాట రాలితే ఏరుకుని దాచుకునే రకం, ఆయన సహాయకుడు సాయికుమార్.

"సార్, నేనే సంపిన్నంటున్రు. ఇంటికి పొయ్యే ఫైనల్ ఎగ్జిట్ కాయిదం పోలీసోళ్లు గుంజుకున్నరు. గడువు నాలుగు దినాలే. కేసు పడితె జైల్లనే సస్త!"

"ఏడుపు మాని చెప్పబ్బా. నువ్వు ఎప్పుడు పోయినావు?"

"రోజటి లెక్కనే పొద్దుగూకినంక, మగ్రిబ్ నమాజ్‌కు. తలుపు తీస్తె గా నెత్తురు..."

దుకాణంలో బల్ల మీద ఓ పాత పుస్తకం ఉంది. విక్టోరియా రాణి కాలంలో ఓ ఇంగ్లీషు దొరసాని తన బతుకంతా కార్డులుగా, బొమ్మలుగా అందులో అతికించుకుంది. పాత జిగురు ఊడి అన్నీ రాలిపోతే, దుకాణం సొంతదారు, వీళ్ల వీసాలకు పూచీపడ్డ అరబ్బు కఫీలే బాగుచెయ్యమని ఇచ్చాడు. పీర్ సాహెబ్ ఒక్కోటీ ఒక్కో కవర్లో పెట్టి, వరసగా అంకెలు వేసుకున్నాడు. మధ్యాహ్నం జుహర్ నమాజ్ వేళకు అవి కవర్లలోనే ఉండడం కఫీల్ కళ్లారా చూశాడు. ఇప్పుడు అన్నీ అతికి ఉన్నాయి. ఒక పుట ఆరితేగాని రెండోది ముట్టని ముసలాయనకు అది సాయంత్రం దాకా పట్టే పని. ఆ తర్వాత వచ్చింది లింబాద్రి ఒక్కడే. ఇదీ పోలీసుల లెక్క.

"నేను ఒంటిగంటకే అల్ ఖర్జ్ పోయిన భాయ్," అన్నాడు పీర్ సాహెబ్ దగ్గర పనిచేసే దిలావర్. "మూడున్నరకు అసర్ నమాజ్ అక్కడే చదివిన. పదిమంది చూసిన్రు."

సాయికుమార్ పుస్తకం తిరగేశాడు. మొదట భర్త చావుకు వేయించిన నల్లంచు కార్డు, ఆపైన నెరిసిన జుట్టు పాయ, పోనుపోను పెళ్లి రిబ్బను, కట్టకడపట ఉయ్యాల్లో పసిపాప బొమ్మ. కొన్ని పుటలు ఒకదానికొకటి అంటుకుపోయాయి.

"దుఃఖంతోనే మొదలుపెట్టుకుంది కాబోలు సార్, తల్లి."

మౌలా సాహెబ్ ఆఖరి పుట నుంచి వెనక్కి తిప్పుతూ పోయాడు.

మధ్యాహ్నానికి పోలీసు అధికారినీ కఫీల్‌నీ పిలిపించాడు. లింబాద్రి, దిలావర్ గోడవారగా నిలబడ్డారు.

"ఇది ఆరకముందే మూసిన పుస్తకం. ఒక్క గంటలో అతికించినారు. అంటే పీర్ సాహెబ్ మధ్యాహ్నమే పోయినాడు. సాయంత్రం దాకా బతికినాడనిపించడానికే ఈ పని. కవర్ల మీది అంకెల వరస తప్పలేదు గానీ, ఒకటో అంకె, ఆ పసిపాప బొమ్మ, కుడి అట్ట దగ్గర పడింది. నలభై ఏండ్లు ఇంగ్లీషు పుస్తకాలు కుట్టిన చెయ్యి ఆ తప్పు చెయ్యదు. లింబాద్రి తెలుగు బడిలో చదివినాడు, వాడైనా ఎడమ నుంచే మొదలుపెడతాడు. కుడి నుంచి తిప్పేది ఉర్దూ చదివిన చెయ్యి. నాదీ అంతే, అందుకే పట్టుకున్యా. జిగురు పనీ ఉర్దూ రెండూ వచ్చినోడివి నువ్వే దిలావర్."

దిలావర్ చేతులు జోడించాడు.

"సౌదీవోళ్లకే కొలువులియ్యాలనే నితాఖత్ కానూన్‌ల ఈ దుకాణానికి ఒక్క పరదేశే మిగుల్తడన్నరు. ఈడ ఉండనిచ్చే ఇఖామా పీర్ సాబ్‌కే ఇస్తరని తెలుసు. నాకు ముగ్గురు పిల్లలు సాబ్..."

అధికారి లింబాద్రి కాగితం లింబాద్రి చేతిలో పెట్టాడు. కఫీల్ అరబ్బీలో మెల్లగా ఏదో అన్నాడు. మౌలా సాహెబ్ దాన్ని దిలావర్‌కు తెలుగులో చెప్పాడు.

"దుకాణమే మూసేస్తున్నాడంట. నీకూ పీర్ సాహెబ్‌కూ ఇద్దరికీ ఎగ్జిట్ మొన్ననే రాయించినాడు. ఈ పుస్తకం పని అయినాక చెబుదామనుకున్నాడంట."

ఆ మాట మళ్లీ చెప్పమన్నాడు దిలావర్.