డబ్బా మీద రాయని దూరం

డబ్బా మీద రాసినదానికంటే తక్కువ పనిచేసే రూటరు వల్ల ఎవరూ చావరు. తిట్టుకుంటారు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తారు. ఊరుకుంటారు.

ఏజెంట్ పచ్చయ్యప్ప చచ్చిపోయాడు, రాసినదానికంటే ఎక్కువ పనిచేసే రూటరు వల్ల.

ఆదివారం పొద్దున తిరుత్తణికి ఇవతల పట్టాల పక్కన దొరికాడు. రైలు కొట్టేసిందని రైల్వే పోలీసులు రాసుకున్నారు. రైలు కొట్టేసిన మనిషి చెప్పులు పదడుగుల అవతల, జతగా, పక్కపక్కన విడిచి ఉండవు. ఆ మాట వాళ్లు రాసుకోలేదు.

మంగళవారం పొద్దున ఏడున్నరకు ఆవడిలో ఒక జిరాక్స్ షాపు మీది గదిలో ఏజెంట్ నాగలింగం కూర్చుని ఉన్నాడు. ఎదురుగా చీఫ్ ఇంద్రాణి. ఆమె తన ఫోను తిప్పి అతని ముందు పెట్టింది.

"పచ్చయ్యప్ప కడసారిగా పంపిన మెసేజి. చదువు."

'రూటరు చెప్పినదానికంటే ఎక్కువ పని చేస్తా ఉండాది. మంగళవారం పదకొండుకు అంతా బయటికి పోతుంది.'

"తంగమీను నెట్ అని ఒక కంపెనీ," అంది ఇంద్రాణి. "పేరు మనది, డబ్బు బయటి దేశానిది. ఆరు నెలలు ఫ్రీ అని మణవాళనగర్ మొదలుకొని రైలు దారి పొడుగునా ఇండ్లకు రూటర్లు పంచినారు. డబ్బా మీద ఏం రాసుండాదో తెలుసా? ఒక హాలు, ఒక బెడ్‌రూముకు చాలు."

"అంతేనా?"

"అంతే. యే కంపెనీ అయినా తన సరుకును అట్ల తగ్గించి చెప్పుకుంటుందా?"

"చెప్పుకోదు."

"ల్యాబ్‌లో పెట్టి చూసినాం. ఏడు గోడలు దాటింది. అర కిలోమీటరు పోయింది. ఒక ఇంట్లో ఫోన్లలో నడిచే మాటలు, బొమ్మలు అన్నీ కాపీ చేసి పక్క ఇంటి రూటరుకు ఇస్తుంది. అది దాని పక్కదానికి. ఆఖరికి అంతా ఒక మాస్టర్ డబ్బాకు చేరుతుంది. అది పదకొండుకు మొత్తం ఒకే మూటగా కట్టి బయటికి పంపుతుంది. చివరి ముక్క చేరేదాకా అవతలోళ్లకు తాళం తెరుచుకోదు. చేరిందంటే అయిపోయినట్టే."

నాగలింగం తల ఎత్తలేదు. "మూటలో మనోళ్లు ఎవరు?"

ఇంద్రాణి ఒక ఫోటో జరిపింది. అతను చూడనవసరం లేదు. ముకేశ్. నాగలింగం అక్క కాంచన కొడుకు. వాడిదీ ఇదే గూఢచారి డిపార్ట్‌మెంటు. ఏడాదిగా బయటి దేశపు రేవులో, తంగమీనుకు డబ్బు పెట్టే ముఠా కడుపులోనే, వంటవాడి వేషంలో ఉన్నాడు. రెండు ఆదివారాలుగా అమ్మతో వీడియోలో మాట్లాడుతున్నాడు. మొహం, గొంతు, అమ్మ నోట అతని అసలు పేరు, అన్నీ ఆ మూటలో ఉన్నాయి.

"మీ అక్కకు ఆ రూటరు యెవరు పెట్టించుకోమన్నారు?"

"నేనే," అన్నాడు నాగలింగం.

కింద జిరాక్స్ మిషను ఒక కాగితం తీసి ఊరుకుంది.

"వాణ్ని తప్పించలేమా మేడం?"

"ఆదివారం దాకా ఫోను తెరవడు. ఆ రూలు వాడికి నేర్పింది నువ్వే." ఇంద్రాణి లేచింది. "పదకొండుకు మూట పోతే మధ్యాహ్నానికి వాడు ఉండడు. ఆ కంపెనీలో మన మనిషి భార్గవి ఉండాది. సేల్స్ ఆఫీసరు. మాస్టర్ డబ్బా తిరుత్తణి కొండ కింద లాడ్జిలో, పన్నెండో నంబరు గదిలో అని చెప్పింది. టీం కారులో పోతా ఉండాది. నువ్వు రైల్లో ఆమెను కలుసుకొని, సిగ్నల్ చూసి కన్ఫర్మ్ చెయ్యి."

అరగంటలో అతను బ్రాడ్‌బ్యాండ్ లైన్‌మేన్ అయిపోయాడు. నీలం చొక్కా, నడుముకు పనిముట్ల బెల్టు, చేతిలో నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్. పై మూడు గిన్నెల్లో నిమ్మకాయ అన్నం. అడుగు గిన్నెలో మాస్టర్ డబ్బా సిగ్నల్ కొలిచే యంత్రం.

తిరువళ్లూరులో ఆమె ఎక్కింది. నల్లద్దాలు, నేరేడు రంగు పట్టుచీర, మల్లెపూలు. పెట్టెలోని ఆడవాళ్లంతా ఒకసారి ఆమె చీర అంచు వైపు చూశారు.

"ఇక్కడ సిగ్నల్ వస్తుందా అన్నా?"

"కిటికీ పక్కన ఒక గీత వస్తుంది."

"నాకు ఒక గీత చాలు." కోడ్ కలిసింది. భార్గవి ఎదురు సీట్లో కూర్చుంది.

"నేరుగా లాడ్జికే పోండి. నేను ఆఫీసులో కనబడకపోతే డౌట్ వస్తుంది వాళ్లకు."

"మీది యాడమ్మా?"

"తిరుత్తణే అన్నా. నేతపనోళ్లం. ఇప్పుడు ఈ నిమిషం కూడా మా నాయన మగ్గం మీదనే ఉంటాడు. వద్దంటే వింటాడా."

"పచ్చయ్యప్ప కలిసినాడా నిన్ను?"

"శనివారం కలిసినాడు. పాపం." ఆమె కిటికీ బయటికి చూసింది. నల్లద్దాల్లో తంతి స్తంభాలు ఒకటొకటిగా వెనక్కి పోతున్నాయి.

తిరుత్తణిలో దిగేసరికి తొమ్మిది యాభై. ఆమె జనంలో కలిసిపోయింది. నాగలింగం ఒక గోడ వార కూర్చుని, అన్నం తినేవాడిలాగా క్యారియర్ విప్పాడు. యంత్రంలో ఐదు గీతలు.

కొండ వైపు నడిచాడు. నాలుగు. ఇంకా నడిచాడు. రెండు. లాడ్జి మెట్ల దగ్గర ఒక్కటీ లేదు.

టీం అప్పటికే తలుపు పగలగొట్టింది. పన్నెండో నంబరు గదిలో ఎవరూ లేరు. ఫ్యాను తిరుగుతోంది. మంచం మీద తంగమీను నెట్ పోస్టరు ఒకటి పరిచి ఉంది. అందులో నలుగురున్న కుటుంబం ఒకే ఫోనులోకి చూసి నవ్వుతోంది. పోస్టరు మీద ఒక జత పాత రబ్బరు చెప్పులు. పక్కపక్కన.

నాగలింగానికి అర్థమైంది. వాళ్లకు తెలుసు. తాను వస్తానని కూడా తెలుసు.

పది ఇరవై ఐదు.

అతను వెనక్కి తిరిగాడు. గీతలు మళ్లీ పెరిగాయి. మూడు, నాలుగు. స్టేషను వెనక, ఊరి చివర నేతవాళ్ల వీధిలోకి అడుగుపెట్టగానే ఐదూ నిండిపోయాయి. ముప్పై ఇళ్లు. గోడకు గోడ ఆనుకుని ఉన్నాయి. ప్రతి గుమ్మం ముందూ ఐదు గీతలే. సిగ్నల్ గోడలకు తగిలి అన్ని వైపులా తిరుగుతోంది. ఏ ఇల్లో యంత్రం చెప్పలేకపోయింది.

పది నలభై ఎనిమిది.

వీధి వింతగా ఉంది. నేతవాళ్ల వీధికి పగటిపూట ఉండాల్సిన చప్పుడు లేదు. కిటికీల్లోంచి టీవీ పాటలు, ఫోన్ల మాటలు వినిపిస్తున్నాయి. ఒక్క ఇంట్లో మాత్రం, వీధి చివర, మగ్గం ఆడుతోంది.

ఎదురింటి తిన్నె మీద ఒక ముసలామె ఆ ఇంటి వైపే గుడ్లురిమి చూస్తోంది.

"ఏందమ్మా అట్ల చూస్తా ఉండావు?"

"యెవురప్పా నువ్వు? లైన్‌మేనా? నా పేరు తాయమ్మ. డెబ్బై ఏండ్లుగా ఈ వీధిలో ఉండాను. అమావాస నాడు మగ్గం గుంటలో కాలు పెట్టినోణ్ని నేను చూడలే. మూడు వారాలాయ ఆ ఇంట్లోకి వచ్చి. నేతోళ్లమే అన్నారు. పొద్దున్నించి కొడతానే ఉండారు చూడు, సిగ్గూ లేదు భయమూ లేదు."

అమావాస్య.

నాగలింగం నేతవాళ్ల ఇంట్లోనే పుట్టాడు. పదేళ్లు వచ్చేదాకా ఆ చప్పుడు పక్కనే నిద్రపోయాడు. ఇరవై ఐదేళ్ల డిపార్ట్‌మెంటు అతని చేత అమావాస్యలు మరిపించింది. ఇప్పుడు ఈ నిమిషం కూడా మా నాయన మగ్గం మీదనే ఉంటాడు, అని రైల్లో ఆమె అన్నప్పుడు తనకు తట్టలేదు.

చెవి పెట్టి విన్నాడు. నూలు మోసే నాడె వంద సార్లు అటూ ఇటూ పోయింది. దారం ఒక్కసారి తెగలేదు. అయిపోయిన నూలు కండె మార్చడానికి ఎవరూ ఆగలేదు. ఆడేది మగ్గం కాదు. మగ్గాన్ని రికార్డు చేసి పెట్టారు, లోపలి యంత్రాల రొద వీధికి వినబడకుండా.

"ఆ ఇంట్లోకి యెవరు వస్తా పోతా ఉంటారు తాయమ్మా?"

"నల్లద్దాల ఆమె ఒకతే. ఇప్పుడే పోయింది లోపలికి."

టీంకు ఫోన్ చేశాడు. రావడానికి పావుగంట అన్నారు. పావుగంట లేదు. బూట్లు తిన్నె కింద విడిచాడు.

పెరటి గోడ ఎక్కి, వెనక తలుపు గడియను కత్తి మొనతో జరిపేసరికి పదకొండు దాటి నాలుగు నిమిషాలు. మూట వెళ్లిపోయి ఉంటుంది.

లోపలి నుంచి భార్గవి గొంతు వినిపించింది. ఎవరినో తిడుతోంది.

"స్పీడు మూడు వందలు అని బోర్డు కట్టినారు కదయ్యా ఊరంతా. నాకు రెండు కూడా రావడం లేదే."

ఫోను స్పీకర్లో ఊరి బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ కుర్రాడు ఓపికగా చెప్పాడు. "మేడం, అప్ టు త్రీ హండ్రెడ్ అని రాసినాం. అప్ టు అంటే దాని లోపల ఎంతైనా రావచ్చు. ఈరోజు మీ వీధిలో అందరికీ సెలవు. అందరూ ఒకే లైను మీద సినిమా చూస్తా ఉండారు. సాయంత్రంగా ట్రై చెయ్యండి."

ఆమె ఫోను విసిరికొట్టింది. తలెత్తింది. నాగలింగాన్ని చూసింది. చేతిసంచిలోంచి పిస్తోలు నెమ్మదిగా బయటికి వచ్చింది.

"లాడ్జి నచ్చలేదా అన్నా?"

"పన్నెండో నంబరులో నీళ్లు రాలేదు."

గది మధ్యలో ఇనుప బీరువా అంత మాస్టర్ డబ్బా. పక్కన స్పీకరు మగ్గం ఆడుతూనే ఉంది. లాప్‌టాప్ తెర మీద అంకె మారింది. తొంభై ఒక్క శాతం.

"పచ్చయ్యప్ప శనివారం ఈ సంగతి నీకూ చెప్పినాడు," అన్నాడు.

"చెప్పినాడు. మంచోడు. చెప్పులు విడవమంటే విడిచినాడు. నువ్వు అడక్కుండానే విడిచి వచ్చినావు. కదలొద్దు."

తొంభై నాలుగు.

నాగలింగం కదల్లేదు. గోడ రంధ్రంలోంచి వచ్చిన తెల్లటి సన్న తీగ నేల మీద పాకి అతని పాదం కిందుగా డబ్బాలోకి పోతోంది. ఫైబరు. లోపల నడిచేది వెలుగు. తీగను గట్టిగా మడిస్తే వెలుగు మలుపు తిరగలేదు.

తొంభై ఆరు. ముకేశ్ ఈ వేళకు ఎవరికో కూర తరుగుతూ ఉంటాడు.

అతను బొటనవేలు, పక్కవేలు విడదీశాడు. తీగను ఆ సందులో పట్టాడు. కళ్లు ఆమె కళ్ల మీదనే ఉంచి, వేళ్లు లోపలికి ముడిచాడు.

తొంభై ఎనిమిది. అంకె ఆగింది. డబ్బా మీద పచ్చ దీపం ఎర్రబడింది.

భార్గవి అతన్ని అనుమానించలేదు. "మళ్లీ పాయనా వీళ్ల లైను," అని పళ్లు కొరికి దీపం వైపు తిరిగింది. రెండు క్షణాలు. నాలుగు గిన్నెల క్యారియర్ ఆమె మణికట్టు మీద పడింది. పిస్తోలు ఒక మూలకు, నిమ్మకాయ అన్నం ఇంకో మూలకు పోయాయి. తర్వాత అతను తీగ కోశాడు, కరెంటు పీకాడు. మగ్గం చప్పుడు నడిమధ్యలో తెగిపోయింది.

టీం వచ్చేసరికి ఆమె చేతులు కేబుల్ ట్యాగులతో కట్టి ఉన్నాయి. నాగలింగం గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు.

మూలన పడిన భార్గవి ఫోను మోగింది. అతను అందుకున్నాడు. అవతల ఆ బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ కుర్రాడు.

"సార్, ఇప్పుడే మీ ఇంటి నుంచి స్పీడు గురించి కంప్లైంటు వచ్చింది. మా సర్వీసుకు పదికి ఎంత వేస్తారు సార్?"

"పది," అన్నాడు నాగలింగం. "నీ పుణ్యముంటుంది అప్పా, పెంచొద్దు ఆ స్పీడును."